కింద పడ్డ పెన్ను

“ఎంతసేపు నిలబడగలవమ్మా?” అడిగాడు సర్కారు తరఫు డాక్టరు.

“కాసేపేనండీ. తర్వాత నడుం లాగేస్తుంది,” అంది నడీన్.

అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో, కోళ్లు కోసే ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి వంగి వంగి అరిగిపోయిన నడుం అది. ఇక ఆమె పని చేసే స్థితిలో లేదని ఈ డాక్టరు రాస్తేనే ప్రభుత్వం నెలనెలా భృతి ఇస్తుంది.

“వంగగలవా?”

“అమ్మో, వంగలేనండీ. బూట్లు కూడా మా చెల్లే తొడుగుతుంది.”

రాసుకుంటున్న డాక్టరు చేతిలోంచి పెన్ను జారి నేల మీద పడింది.

“అయ్యో! నా నడుమూ నీలాంటిదేనమ్మా,” అంటూ ఆ ముసలాయన కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు.

పెద్దవాళ్లు అవస్థ పడుతుంటే చూస్తూ కూర్చోవడం నడీన్ పెరిగిన ఇంట్లో లేదు. బల్ల పట్టుకుని, పళ్లు బిగబట్టి వంగి, పెన్ను తీసి ఇచ్చింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“చల్లగా ఉండు తల్లీ,” అని ఆయన అదే పెన్నుతో ఒక్క ముక్క రాసి, పంపేశాడు.

బయట చెల్లెలు థెల్మా ఆమెను పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది. “ఏమన్నాడక్కా?”

“మంచోడేనే. పాపం, ఆయనకీ నడుం నొప్పేనట.”

చేతికర్ర ఊతంతో ఇంకొకాయన లోపలికి వెళ్లాడు. తలుపు ఓరగానే ఉంది. నడీన్ నొప్పి కాస్త సర్దుకుని లేవబోతుండగా, లోపల పెన్ను పడ్డ చప్పుడైంది.

“అయ్యో! నా నడుమూ నీలాంటిదేనయ్యా.”

నడీన్ కొయ్యబారిపోయింది. ‘తియ్యకయ్యా’ అని అరవబోయేలోగా చేతికర్ర గోడకు ఆనించిన చప్పుడు వినిపించింది.

“మీరు కూర్చోండి డాక్టరుగారూ, నేను తీస్తాగా!”