ఆయన ఏమీ అనలేదు

"ఆ రోజు డైరెక్టర్ గారు అన్న మాటలు అన్నట్టే చెప్పండి," అంది మిన్ మేడమ్, ఒళ్ళో నోటుపుస్తకం తెరుచుకుని.

ఆసుపత్రి మంచం మీద దొక్సు తన కుడిచేతి కట్టు వంక చూసుకున్నాడు. మణికట్టు తర్వాత ఇంకేమీ లేదు.

"నా ప్రెస్ మిషను పక్కన నిలబడి, 'శనివారానికి మూడువేల కారు తలుపులు ఇంచన్ రేవుకి చేరాలి. ఎలా చేస్తారో నాకు తెలీదు, తెలియక్కర్లేదు' అన్నారు. అని, చెయ్యి లోపలికి పోకుండా మిషనుకి బిగించిన సేఫ్టీ గార్డు వంక చూశారు. అదుంటే పని నెమ్మదని అందరికీ తెలుసు."

"తీసెయ్యమన్నారా?"

"అనలేదు. చూశారంతే."

"చూపుని కాగితం మీద ఎలా పెట్టను, దొక్సు గారూ?"

బేరిపండు చెక్కు తీస్తున్న అతని భార్య ఓక్బున్ చాకు పక్కన పెట్టింది.

"ఈయనే సొంత తెలివితో తీశాడని కంపెనీవాళ్ళు అంటున్నారు మేడమ్. డైరెక్టర్ గారు ఆ రోజు అటువైపే రాలేదట. లేబర్ ఆఫీసుకి ఎన్ని అర్జీలు పెట్టానో. ఇన్నాళ్ళకి అక్కణ్ణించి మీరైనా వచ్చారు."

మిన్ మేడమ్ తలొంచుకుని రాసుకుంది. "సాక్షులెవరైనా ఉన్నారా అక్కా?"

మొగుడూ పెళ్ళాలు మొహాలు చూసుకున్నారు. "ఇచ్చెయ్," అన్నాడు దొక్సు.

ఓక్బున్ పరుపు కింద నుంచి ఒక కాగితం తీసింది.

"పక్క మిషను చిల్‌సంగ్ రాసిచ్చాడు. 'దీన్ని ఇంకా ఎందుకుంచారు, పీకెయ్యండి' అని డైరెక్టర్ గారు అతని చెవిలో అన్నారట. కేన్సరొచ్చి పోయిన నెల పోయాడు పాపం. ఇక నన్నేం చేస్తార్లే అని, పోయేముందు వేలిముద్ర కూడా వేశాడు."

"నకలు తీయించారా?"

"లేదు. ఎవరికి చూపించాలన్నా భయమే."

మిన్ మేడమ్ దాన్ని రెండుసార్లు చదివింది. "నకలు పనికిరాదు. అసలే కావాలి. నేను తీసుకెళ్తాను."

ఓక్బున్ రెండు చేతులతో అందించింది. తర్వాత పండు ముక్క తినేదాకా ఆమెను కదలనివ్వలేదు. దొక్సు మంచం మీదే వంగగలిగినంత వంగి ఎడంచేత్తోనే దణ్ణం పెట్టాడు. "మీలాంటివాళ్ళు ఒక్కరుంటే చాలు మేడమ్," అన్నాడు.

వరండా చివర ఫోనులో మిన్ మేడమ్ నాణెం వేసింది. అవతల ఎత్తేలోపు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

"ఇక వాళ్ళ దగ్గర ఏమీ లేదు, డైరెక్టర్ గారూ."