ఖాళీ స్థలం

గుడి వెనక మూలలో పాతిన కొలత పుల్లల్ని ముసలాయన ఒక్కొక్కటే పీకేస్తున్నాడు.

వీరన్న పరుగున వచ్చాడు. రంగూన్ శివారు లైంగ్‌థార్యార్‌లోని ఆ తెలుగు వార్డులో రాములవారి గుడి కమిటీకి అతనే కార్యదర్శి. ముప్పై మూడేళ్ళకే పెద్దరికం వచ్చిపడింది. దాని వెంటే కోపమూ వచ్చింది.

"ఏటి తాతా ఈ పని?"

"ఇక్కడ తవ్వకండి బావూ."

"పండక్కొచ్చిన ఆడోళ్ళు ఎక్కడికెల్లాల? మరుగుదొడ్లు కడతన్నాం."

"ఇంకో సోట కట్టండి."

"నీదా ఈ జాగా?"

"కాదు."

"మరి నీకేటి నొప్పి?"

ముసలాయన వంగి మరో పుల్ల పీకాడు.

"సెప్పకూడదు," అన్నాడు.

వీరన్నకి అతని ముఖం తెలుసు, పేరు తెలీదు. ఏటా తొలకరి పడగానే ఊరికి అటు చివరనున్న మింగళాడోన్ నుంచి బస్సులు మారి వచ్చేవాడు. మిట్టమధ్యాహ్నం, ఆడవాళ్ళంతా ఇళ్ళల్లో ఉండే వేళ చూసుకుని, ఆ మూల కాసేపు కూర్చుని వెళ్ళిపోయేవాడు. జాగా మీద కన్నేశాడని కమిటీ అనుమానం.

వీరన్న అతన్ని రెక్క పట్టుకుని గుడి గోడ దగ్గరికి లాక్కెళ్ళాడు.

వార్డు పుట్టి ముప్పై అయిదేళ్ళయిందని తను దగ్గరుండి వేయించిన పటం ఉందక్కడ. తూర్పున కాలువ, పడమట బస్సు రోడ్డు, నడుమ ఆరు లైన్ల ఇళ్ళు. కింద వార్డు చరిత్ర. రంగూన్ నడిబొడ్డున లమ్మడా అద్దె గదుల నుంచి సర్కారు లారీల్లో తెచ్చి దింపిన నూట పన్నెండు కుటుంబాలు, వరి పొలాల్లో వేసుకున్న వెదురు గుడిసెలు. గుడి వెనక మూలలో 'ఖాళీ స్థలం' అని రాసి ఉంది.

"సూడు. ఏటి రాసుందో?"

"అప్పుడీ కాలవ లేదు బావూ. రెండో లైను దాకా మోకాల్లోతు నీళ్ళు. మెరకంటే ఈ మూలొక్కటే." ఆయన వేలు ఆ అక్షరాల మీద ఆగింది. "ఇది ఖాళీ కాదు."

"మరేటుంది?"

ముసలాయన పటం మీంచి వేలు తీసేశాడు.

"ఊరందరిదీ ఓ దారి, ఉలిపికట్టెది ఓ దారి!" వీరన్న విసుక్కున్నాడు.

మర్నాడు కూలీలు గునపాలు పట్టుకొచ్చేసరికి ముసలాయన వానలో తడుస్తూ అక్కడే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చేతులు జోడించాడు. ఏడ్చాడు.

పాపం అన్నారు ఒకరిద్దరు. ఆపండి అని మాత్రం ఒక్కరూ అనలేదు.

వీరన్న అతన్ని లేవదీసి బస్సెక్కించాడు.

"మళ్ళీ వస్తే వార్డాఫీసులో అప్పజెప్తాను!"

ముసలాయన మళ్ళీ రాలేదు.

గుంట తవ్వితే మట్టి తప్ప ఏమీ కనిపించలేదు. ముసలాడు నిధి దాచాడేమోనని ఆశగా చూసినవాళ్ళు నవ్వుకున్నారు. మరుగుదొడ్లు లేచాయి.

నెల తిరక్కముందే మింగళాడోన్ నుంచి తులసమ్మ అనే ఆవిడ చిన్న గిన్నెలో పాలు పట్టుకుని గుడికి వచ్చింది.

"మా పక్కింటాయన జొరమొచ్చి పోయేడు బాబూ. ఈ పాలు గుడి వెనక మూల పొయ్యమని నా సేత మాట తీసుకున్నాడు. ఏడుందది?"

"ఎవరాయన?"

"మంగరాజు."

అరుగు మీద దీపం ఒత్తులు చేస్తున్న వీరన్న తల్లి అచ్చమ్మ చప్పున తలెత్తింది.

"మంగరాజా? ఇన్నాళ్ళూ బతికే ఉన్నాడా?" ఒత్తులు పక్కన పడేసి లేచింది. "ఏ మూలరా? ఒరే, ఏ మూల?"

వీరన్న చెయ్యి చూపించాడు.

కొత్తగా సున్నం వేసిన దొడ్ల వైపు చూసి అచ్చమ్మ కూలబడిపోయింది.

"అమ్మా, ఎవరమ్మా ఆయన?"

"ఈ వార్డుకొచ్చిన మొదటేడు, వానలకి జొరాలు తగిలి పసోళ్ళు పోయేర్రా. ఎక్కడ పెట్టేవో సచ్చినా నాకు సెప్పకు, తెలిస్తే ఆడే కూకుండిపోతానని ఆయన సేత ఒట్టేయించుకున్నాను. నాలాటి తల్లుల కంట పడకూడదని ఈ వార్డే ఒగ్గేసి పోయేడు."

అచ్చమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"నీకంటే ముందు పుట్టిన మీ అన్నని నా ఒళ్ళోంచి తీసుకుని, ఇంకో ఎనిమిదిమంది పసోళ్ళ పక్కన మట్టిలో పెట్టినోడు ఆయనేరా, ఈరన్నా."