బోసి చేతుల పింఛను

"మొగుడు పోయినాక మళ్లా మనువాడినావా?" కచేరీ గుమాస్తా ఏటా అడిగే ప్రశ్నే అడిగాడు.

"లేదు సామీ," అంది సోమక్క. బర్మా యుద్ధంలో పోయిన సిపాయి పెండ్లానికి పింఛను ఆగకుండా రావాలంటే ఆ మాట చెప్పాలి. గుమాస్తా ఆమె బోసి చేతులు చూసి వేలిముద్ర వేయించుకున్నాడు.

బయట అత్త సుంకులమ్మ కాచుకుని ఉంది. ఇద్దరూ ఎండలో నడిచి ఊరి పొలిమేరలోని బండ దగ్గరికి వచ్చారు. సోమక్క కూర్చుని, అలవాటుగా రెండు చేతులూ చాపింది.

ఏటా ఇక్కడే సుంకులమ్మ చెంగు ముడి విప్పి, పొద్దున తీయించిన గాజులు కోడలికి తిరిగి తొడిగేది. నుదుట బొట్టు పెట్టేది. చిన్నకొడుకు గిడ్డయ్యతో సోమక్క మారుమనువు సంగతి ఊరంతటికీ తెలుసు. కచేరీకే తెలియదు.

సుంకులమ్మ చెంగు తడుముకుంది. ముడి లేదు.

"గిడ్డయ్య దినాల పొద్దు గాజులన్నీ పగలగొట్టిరి గదమ్మీ," అంది.

సోమక్క చేతులు వెనక్కి తీసుకుంది.

"అట్లయితే ఈతూరి నేను అబద్దం చెప్పలేదత్తా."