ఒక్క టిక్కు

దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపు టీవీలో రాకెట్ మళ్లీ మళ్లీ పేలుతోంది. పరీక్ష చేసిన ప్రైవేటు కంపెనీ అధినేత నవ్వుతూ, "ఇదీ విజయమే" అంటున్నాడు.

"పేలినంక గా నవ్వుడేంది? జాగ్రత్త అన్న ఇంజనీర్లను మొన్ననే తీసేసిండట," అన్నాడు షాపు యజమాని మధుకర్.

చీర కొనడానికొచ్చిన, కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పే ప్రసన్నకుమార్ ఊరుకోలేదు. "పేలితేనే కదండీ తెలిసేది! అయినా అక్కడ మనుషులెవరూ ఉండరు."

"మరి గా అంబులెన్సులెందుకు సార్?"

"ముందుజాగ్రత్తకండీ. ఎవరూ ఉండరంటున్నాను కదా!"

మధుకర్ వాదన ఆపి, కౌంటర్ మీద పరిచిన పోచంపల్లి చీరను సర్దాడు. "బిడ్డకు ఫోటో పంపి చానసేపాయె. నచ్చిందంటనా? ప్యాక్ చెయ్యాల్నా?"

ప్రసన్నకుమార్ ఫోన్ చూపించాడు. చీర ఫోటో ఇంకా అమ్మాయికి చేరలేదు. కింద ఒక్క టిక్కే ఉంది.

"బిడ్డ యాడ పనిచేస్తది సార్?"

ఆయన టీవీలోని పొగను చూపించాడు.

మధుకర్ రిమోట్ వెతికి టీవీ ఆపేశాడు.

"మీరన్నదే నిజం సార్. గక్కడ మనుషులెవ్వరుండరు."