వీసాలో పియానో

“ఆగండి గజేందర్ గారూ, మళ్లీ పరుగెత్తారు. మెట్రోనోమ్ ఒక దెబ్బ కొట్టేలోగా మీరు రెండు కొడుతున్నారు.”

గజేందర్ పియానో మీటల మీదనుంచి చేతులు తీసి, టిక్కుటిక్కుమంటూ లయ కొడుతున్న ఆ పరికరం వైపు చూస్తూ వేళ్లు విరుచుకున్నాడు. ఖతర్‌లోని అల్ దోహా అల్ జదీదాలో, పియానో టీచర్ ఇంద్రజ గదిలో, అది అతనికి ఐదో పాఠం. జగిత్యాలలో పదహారేళ్లు టైల్స్ పరిచిన మేస్త్రీ అతను. వీసాలో వృత్తి అన్నచోట మాత్రం ‘పియానో ఉపాధ్యాయుడు’ అని ఉంది. గురువారం వీసా ఆఫీసులో తనిఖీ. జవాబు తప్పితే ఇంటికి టికెట్టే.

విషయం విని, అతనుండే కార్మికుల క్యాంపుకు ఫోన్ చేసి, నేర్పుతాను రమ్మన్నది ఇంద్రజే.

“ఏజెంటుగాడు అందరి కాగితాలు కలగలిపిండు మేడమ్. నేను సూస్కోకుండ సంతకం వెట్టిన.”

“అంత తొందరలో ఎవరు చూసుకుంటారు లెండి! లెగాటో అంటే?”

“స్వరానికి స్వరం సందు లేకుంట అతికిచ్చుడు.”

“స్టకాటో?”

“అది యాదికొస్తలేదు.”

“టైలుకీ టైలుకీ మధ్య ఎంత వదులుతారు?”

“రెండు మిల్లీమీటర్లు. నడుమ స్పేసర్ వెడ్తం.”

“ఆ సందే స్టకాటో. ఒకటి మరొకదాన్ని అంటకూడదు. మరి నేల సమంగా ఉందని ఎలా తెలుస్తుంది?”

“రసమట్టం వెట్టి సూస్తం.”

“మీ రసమట్టమే ఇక్కడ మెట్రోనోమ్. మూల దగ్గర టైలు పట్టకపోతే?”

“కొలిచి కోస్తం. ఏంది మేడమ్, మీకు పాటకన్న బండల మీదనే మోజున్నట్టుంది!”

“తెలిసిన పనితో చెబితే మరిచిపోరు. ఎడమచేయి ఒక్కటే, నెమ్మదిగా, మళ్లీ!”

గురువారం వచ్చింది. అధికారి పక్కన కూర్చున్న హైదరాబాదీ గుమాస్తా లియాఖత్ అలీ తెలుగులోనే అడిగాడు.

“పిల్లగాడు ఒక్కతాన్నే మాటిమాటికి తప్పుతుంటే ఏం జేస్తవ్, మాస్టారు?”

గజేందర్ ఇంద్రజ పాఠం తలచుకున్నాడు. కళ్లు మూసి తెరిచాడు.

“మొదట్నుంచి వాయించనియ్య. ఆ ముక్కనే తీస్కొని, ఒక్కో చెయ్యి ఏర్వేరుగ, నెమ్మదిగ. తప్పు పోయినంక రెండు చేతులు కలుపుడు.”

గుమాస్తా దాన్ని అరబ్బీలో చెప్పాడు. అధికారి తలూపాడు, ముద్ర పడింది.

బయట బెంచీ మీద ఇంద్రజ కూర్చుని ఉంది.

“పాసైన మేడమ్! నా కోసం ఇంత దూరం వచ్చిండ్రా?”

ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. వెనుక తలుపు తెరుచుకుంది. లియాఖత్ అలీ జాబితా చూసి కేకేశాడు.

“తర్వాత ఇంద్రజ, టైల్స్ మేస్త్రీ!”