వంచి, చాచి

"ఆసుపత్రి నుంచి వచ్చినానమ్మా. మీ ఇంటాయన కాళ్ళు వంచి చాచేదానికి."

గడప బయట నిలబడిన మనిషికి అరవై ఏళ్ళుంటాయి. పేరు నాగేంద్రప్ప. కేజీఎఫ్ నుంచి రెండు బస్సులు మారి సుగటూరు వచ్చాడట.

జయలక్ష్మమ్మ ఇంకేమీ అడగలేదు. అడిగే ఓపిక లేదు.

భర్త రామాంజినప్ప మామిడిచెట్టు మీద నుంచి పడి ఆరు నెలలు. నడుం కింద స్పర్శ లేదు. రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి. పట్టుపురుగులకు ఆకు వేయాలి. ఆవు పాలు పితకాలి.

"లోపల ఉండారు. పోండన్నా," అంది.

నాగేంద్రప్ప మంచం పక్కన కూర్చుని, ఒక చేత్తో మడమ, ఒక చేత్తో మోకాలు పట్టుకుని నిదానంగా వంచాడు. నిదానంగా చాచాడు. కాలు ఉన్నట్టుండి వణికితే, వణుకు ఆగేదాకా అట్లాగే పట్టుకున్నాడు.

"ఇట్లా చేస్తే నడుస్తానా?" అన్నాడు రామాంజినప్ప.

"నడవలేవప్పా."

"మరేంటికి?"

"కూర్చునేదానికి. కీళ్ళు బిగుసుకుంటే అది కూడా కాదు."

రామాంజినప్ప గోడ వైపు ముఖం తిప్పుకున్నాడు.

నాగేంద్రప్ప వారానికి మూడు రోజులు వచ్చాడు. తుంటి, మోకాలు, చీలమండ. మధ్యలో ఆయాసం వస్తే ఆగి, మళ్ళీ మొదలుపెట్టేవాడు.

ఎండలు ముదిరేసరికి రామాంజినప్ప చక్రాల కుర్చీలో కూర్చుని పురుగులు గూళ్ళు అల్లే వెదురు చంద్రికల నుంచి పట్టుగూళ్ళు ఏరుతున్నాడు. కానీ అతనికి కావలసింది నడక.

నాగేంద్రప్ప రావడం మొదలై ఏడాది నిండిన రోజు రామాంజినప్ప అనేశాడు.

"ఇన్ని దినాలు పిసికినావు. ఒక్క వేలు కదిలిందా? ఇంగ రావద్దు."

జయలక్ష్మమ్మ అడ్డు చెప్పాలనుకుంది. వచ్చిపోయే మనిషికి నీళ్ళిచ్చే, ముద్ద పెట్టే పని తగ్గుతుందిలే అనిపించి ఊరుకుంది.

నాగేంద్రప్ప లేచాడు. "నువ్వన్నా చేయమ్మా. దినానికి రెండు సార్లు. బలవంతంగా మాత్రం వంచొద్దు."

"చేస్తానన్నా."

నాలుగు రోజులు చేసింది. తర్వాత రాగి కోతలు వచ్చాయి.

మూడు నెలలకు తుంట్లు, మోకాళ్ళు బిగుసుకుపోయాయి. కుర్చీలో కూర్చోబెడితే రామాంజినప్ప ఒక పక్కకు జారిపోతున్నాడు.

కోలారు ఆసుపత్రిలో డాక్టరు పట్టి చూశాడు. "మొన్నటిదాకా ఎవరో బాగా చూసుకున్నారే. ఎవరమ్మా?"

"మీరు పంపించిన నాగేంద్రప్పే సార్."

"మేమెవరినీ పంపలేదు. ఆయన రోజూ వచ్చి నర్సుల పక్కన నిలబడి ఈ పని నేర్చుకున్నాడు. అంతే."

మర్నాడు ఆమె కేజీఎఫ్ బస్సెక్కింది. బంగారు గని కార్మికుల వరస ఇళ్ళలో అడుగుతూ పోతే ఒక రేకుల ఇల్లు చూపించారు. ఆయన భార్య విశాలమ్మ తలుపు తీసింది.

"అన్న ఉండాడామ్మా? తప్పయిందని చెప్పి పిల్చుకోని పోదామని వచ్చినాను."

"పోయిన నెల పోయినాడమ్మా. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండాదని డాక్టర్లు ముందే చెప్పినారు. బస్సులెక్కొద్దంటే వినలేదు."

జయలక్ష్మమ్మ గడప మీదే కూర్చుండిపోయింది.

"మేము ఆయనకు ఏమవుతామని వచ్చినాడమ్మా?"

"ఏమీ కారు. ఆసుపత్రిలో మిమ్మల్ని చూసినాడంట."

విశాలమ్మ ఆమె పక్కన కూర్చుంది.

"గనిలో బండ పడి మా కొడుకు తొమ్మిదేండ్లు మంచంలో ఉన్నాడు. కాళ్ళు వంచి చాచల్లని మాకెవరూ చెప్పలేదు. వాడు పోయినంక పాడె మీద పండబెడితే, ముడుచుకున్న కాళ్ళు ఎంత చాచినా సాగలేదు."

విశాలమ్మ ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"ఆయన ఈ పని నేర్చుకునింది వాని దినవారాలు అయినంకమ్మా."