వద్దనే కుర్చీ

చీటీ విప్పి పేరు చదివింది పెద్ద మేడమ్. హాలంతా గొల్లున నవ్వింది. నవ్వనిది మూగనోము ఒక్కడే.

మూగనోము అన్నది ఆఫీసు పెట్టిన పేరు. సెన్సర్ల విభాగంలో తలవంచుకుని పనిచేసుకుపోతాడు. అడిగితే తప్ప నోరు విప్పడు, ఇంటి సంగతులైతే అడిగినా చెప్పడు. అలాంటివాడు ఇవాళ వద్దనే కుర్చీలో కూర్చోవాలి.

ఈ కుర్చీ సంగతి కాస్త చెప్పాలి. ఫోన్లలో పెట్టే సెన్సర్లు చేసి ఆ కంపెనీ బాగా గడించింది. ఇప్పుడు డబ్బు బ్యాంకులో మూలుగుతోంది. దాన్ని దేనికి ఖర్చు పెట్టాలో ఏడాదికోసారి తేలుస్తారు. ఉద్యోగి ఎవరైనా ఆఫీసు కంప్యూటర్లో తన ఐడియా పంపొచ్చు. పేరు మాత్రం ఉండకూడదు. పంపింది ఫలానావాడని తెలిసిందా, ఆ ఐడియాని అక్కడికక్కడే కొట్టేస్తారు. పైరవీలంటే కంపెనీ ఓనరు పెద్ద మేడమ్‌కి అంత మంట. వడపోతలో ఆఖరికి మిగిలిన ఐడియాకి ఎదురు వాదించడానికి చీటీ తీసి ఒకరిని కూర్చోబెడతారు. ఆ మనిషి మొహమాటం లేకుండా వాదించాలి. పోయినేడు ఒకాయన మెత్తగా వాదించాడు. మర్నాడు ఆయన బల్ల ఖాళీ.

"కళ్ళు అంత ఎర్రగా ఉన్నాయేంటి గురూ? రాత్రి నిద్రపోలేదా?" అన్నాడు పక్క సీటతను, టీ విరామంలో.

"అలవాటే."

"జాగ్రత్త. పోయినేడు ఏమైందో చూశావుగా. పిల్లలు గలవాడివి."

"పోనీ, నేను తప్పుకుంటానంటే?"

"కారణం చెప్పమంటారు. ఏం చెప్తావు?"

మూగనోము టీ తాగకుండానే కప్పు పక్కన పెట్టేశాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇంటినుంచి ఫోన్ వచ్చింది.

"తేలిందా?" అంది భార్య.

"ఇంకా లేదు."

"గొంతేంటండీ అలా ఉంది? భయపడకండి. అంతా మంచే జరుగుతుంది. అవగానే చెప్పండి. నాకిక్కడ కాళ్ళూ చేతులూ ఆడటం లేదు."

చీటీ సంగతి చెబుదామనుకున్నాడు. ఆమె కంగారు విని మానుకున్నాడు.

విరామం అయిపోయింది. కొత్త బిల్డింగు కట్టాలన్న ఐడియా విరామానికి ముందే వీగిపోయింది. పక్క కంపెనీని కొనేయడమూ వీగిపోయింది. మిగిలింది ఒకటే. పెద్ద మేడమ్ కళ్ళజోడు సవరించుకుని చదివింది.

"నిద్రలో ఊపిరి తియ్యడం మరిచిపోయే పిల్లలుంటారట. చాలా అరుదట. వాళ్ళ ఛాతీకి అంటించే చిన్న మిషను చేద్దామంటున్నారు. ఊపిరి ఆగితే అదే అందిస్తుందట. లాభం రాదని పంపినవాళ్ళే రాశారు."

హాలు మెత్తబడింది. అకౌంట్స్ పెద్దాయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. పైసా దగ్గర ప్రాణం పెట్టే మనిషి, ఆయనే కరిగిపోయాడు.

మూగనోము లేచాడు. మైకు అందుకున్నాడు.

"లాభం లేని పని మనకెందుకండీ?" అన్నాడు.

"లాభాలు చూశాం లేవయ్యా. ఒక్క మంచిపని చేస్తే అరిగిపోం," అన్నాడు అకౌంట్స్ పెద్దాయన. ఒకరిద్దరు బల్లలు చరిచారు.

"మందులూ రోగాలూ మనకి తెలియవు."

"నేర్చుకుంటాం," అన్నారు వెనకనుంచి.

ఇక వాదించడానికేమీ మిగల్లేదు. అతను కూర్చోబోయాడు.

"ఆగు బాబూ," అంది పెద్ద మేడమ్. గొంతు పెంచలేదు. "మెత్తగా వాదిస్తున్నావు. ఇలాగైతే నేను ఊరుకోను."

మూగనోము మైకు మళ్ళీ పైకెత్తాడు. చెమట మెడ మీదుగా కాలరులోకి జారింది. గట్టిగా అనాలి. మెత్తగా ఉందని ఎవరూ వేలెత్తి చూపలేనంత కటువుగా అనాలి. మనుషులన్నవాళ్ళు వినలేనంత కటువుగా.

"అసలా పిల్లలకి మిషనెందుకండీ?" అన్నాడు. "అమ్మా నాన్నా లేరా? సగం రాత్రి తల్లి మేలుకుంటుంది. సగం రాత్రి తండ్రి మేలుకుంటాడు. ఊపిరి ఆగితే తట్టి లేపుతారు, లేవకపోతే నోట్లో నోరు పెట్టి ఊదుతారు. ఇన్నేళ్ళూ అలాగే పెంచారు, ఇకముందూ పెంచుతారు. ఖర్చులేని మిషన్లు ఇంటికి రెండున్నాయి. ఏదో ఒకరోజు ఇద్దరికీ కునుకు పడుతుంది. పిల్ల పోతుంది. పోతే పోయింది. మన డబ్బు మన దగ్గరుంటుంది."

ఆ మాటన్నాక ఒక్కొక్కరి మొహంలోకీ చూశాడు. ఎవరో ఒకరు లేచి ఛీ అంటారనుకున్నాడు.

ఎవరూ లేవలేదు.

అకౌంట్స్ పెద్దాయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "మాట కటువే గానీ, అబద్ధం కాదు. ఇన్నేళ్ళూ గడిచిందిగా," అన్నాడు. పక్కాయన తలూపాడు. ఆ పక్కావిడ తలూపింది. నిజమే, అరుదైన జబ్బు, వాళ్ళ తిప్పలు వాళ్ళు పడుతూనే ఉన్నారు, మధ్యలో మనమెందుకు అనుకున్నారు.

"వద్దనేవాళ్ళు చేతులెత్తండి," అంది పెద్ద మేడమ్.

అడవిలా లేచాయి చేతులు.

డబ్బు బ్యాంకులోనే ఉంచేద్దామని తేల్చారు. పెద్ద మేడమ్ దిగివచ్చి మూగనోము చెయ్యి పట్టుకుంది. "ఆ కుర్చీకి నీలాంటివాడే కావాలి. నీ ఉద్యోగానికి ఢోకా లేదు," అంది. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. మూగనోము కళ్ళవెంట ధారగా నీళ్ళు కారాయి. "ఆనందం పట్టలేకపోతున్నాడు పాపం," అని పక్క సీటతను వీపు నిమిరాడు.

జేబులో ఫోన్ మోగింది. ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు. హాల్లో చప్పట్లు ఇంకా ఆగలేదు.

"చెప్పక్కర్లేదు లెండి, ఆ చప్పట్లు నాకిక్కడికి వినపడుతున్నాయి," అంది భార్య ఏడుస్తూ, నవ్వుతూ, "మన పాప కోసం మీరు పంపిన ఐడియాని కాదనడానికి ఎవరికి మాత్రం నోరొస్తుందండీ."